గెలిచిన జెండా.. చిన్నబోయిన గ్రామసభ

పార్టీ ఏదైనా పల్లెలో పోకడ ఒక్కటే
కార్యకర్త చేతికి జాబితాలు.. పంచాయతీకి ఖాళీ కుర్చీలు

ఎన్నికల కోలాహలం ఫలితాల రోజుతో ముగుస్తుందని పట్టణవాసులు అనుకుంటారు. పల్లెలో అసలు రాజకీయం ఆ మర్నాడే మొదలవుతుంది. 2024 జూన్‌ 4న వెలువడిన ఫలితాల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 175 శాసనసభ స్థానాలకుగాను తెదేపా, జనసేన, భాజపా కూటమి 164 గెలుచుకుంది. 2019లో 151 స్థానాలతో అధికారం చేపట్టిన వైకాపా 11కు పరిమితమైంది. ఇంతటి తీర్పు తర్వాత ఊళ్లలో వినిపించిన ప్రశ్న ఒక్కటే.. ఇక ఎవరి మాట చెల్లుతుంది? ఎమ్మెల్యే గెలుపునకు, ఉపాధి పనుల క్షేత్ర సహాయకుని కొలువునకు, బడిలో మధ్యాహ్న భోజనం వండే మహిళ బతుకుదెరువునకు మధ్య చట్టం ఏ ముడీ వేయలేదు. ఊరు మాత్రం ఎప్పుడో వేసింది.

ఇందుకు కార్యకర్తను ఒక్కడినే నిందించడం సరికాదు. అయిదేళ్లు జెండా మోసి, సొంత సొమ్ముతో పెట్రోలు పోయించుకుని, కేసులు సైతం ఎదుర్కొన్న వాడికి గెలిచాక పార్టీ ఇవ్వగలిగింది ఏమిటో లెక్క వేసి చూస్తే అసలు చిక్కు బోధపడుతుంది. రాష్ట్రంలో 2024 ఎన్నికలకు 46 వేలకు పైగా పోలింగ్‌ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. నియోజకవర్గానికి సగటున 260 దాటుతాయి. కేంద్రానికి నలుగురు చొప్పున పని చేశారనుకున్నా వెయ్యి మంది తేలుతారు. వారికి పంచడానికి ఉన్నవి ఒకటో రెండో మార్కెట్‌ కమిటీలు, కొన్ని ఆలయ పాలక మండళ్లు, సహకార సంఘాల పదవులు. పదవి దక్కేది పదుల సంఖ్యలోని వారికే. మిగిలిన వారికి పార్టీ వద్ద ఉన్న నాణెం మరొకటే. ‘నీ ఊళ్లో నీ మాట మీద పనులు జరుగుతాయి’ అనే హామీ. పింఛను, ఇల్లు, రుణం, పని.. ఇవన్నీ ఆ నాణేనికి మారకంగా మారుతాయి.

గెలిచిన పార్టీ ఊళ్లో మధ్యవర్తిని తొలగించిన సందర్భం మన చరిత్రలో ఒకటుంది. 1983లో అధికారానికి వచ్చిన తెదేపా, మరుసటి ఏడాదే కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. తరతరాలుగా ఊరి లెక్కలను చంకన పెట్టుకుని తిరిగిన వారిని ఒక్క ఆర్డినెన్స్‌తో పక్కకు తప్పించింది. ఆ ఖాళీని పంచాయతీ భర్తీ చేయాల్సింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి గ్రామసభకు రాజ్యాంగ స్థానం కల్పించింది, 29 అంశాలను పంచాయతీలకు అప్పగించవచ్చని పేర్కొంది. అయినా మునసబు చావడి స్థానంలోకి వచ్చింది పంచాయతీ కార్యాలయం కాదు, గెలిచిన పార్టీ నాయకుని ఇంటి అరుగు.

కమిటీలు పోయి.. వాలంటీర్లు వచ్చి..

2014లో తెదేపా మళ్లీ గెలిచాక జన్మభూమి - మా ఊరు కమిటీలు వచ్చాయి. సర్పంచి, ఎంపీటీసీ సభ్యుడు అందులో ఉన్నా, సామాజిక కార్యకర్తల పేరిట చేరిన వారిదే చాలాచోట్ల పైచేయి అయింది. పింఛనుకు అర్హుడెవరో వారు చెబితేనే కాగితం కదిలేది. సర్పంచి ఎదుటి పార్టీ మద్దతుదారు అయితే ఊళ్లో రెండు అధికార కేంద్రాలు తయారయ్యేవి. 2019లో ఆ పార్టీ 23 స్థానాలకు పడిపోయినప్పుడు ఓటమి కారణాల్లో ఈ కమిటీల పేరు ప్రముఖంగానే వినిపించింది.

వైకాపా ఆ పాఠం సగమే చదివింది. 2019 ఆగస్టు 15న 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు రూ.5 వేల గౌరవ వేతనంతో వాలంటీర్లను నియమించింది. అక్టోబరు 2న సచివాలయాలు ఆరంభమయ్యాయి. నెల మొదటి తేదీన తెల్లవారుజామునే వృద్ధుల గడపకు పింఛను చేరడం మంచి మార్పు. దాన్ని కాదనలేం. అయితే 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో ఎన్నికలు జరిగి సర్పంచులు వచ్చేసరికి వారికి చేయడానికి పని మిగల్లేదు. ఆర్థిక సంఘం నిధులను విద్యుత్తు బకాయిలకు మళ్లించారంటూ సర్పంచులు రోడ్డెక్కారు. వారిలో అధికార పార్టీ బలపరిచిన వారూ ఉన్నారు. ఆ పార్టీ కార్యకర్త పరిస్థితీ అంతే. జనం పనుల కోసం వాలంటీరు వద్దకు వెళ్తుంటే జెండా మోసిన వాడు వీధి చివర ప్రేక్షకుడయ్యాడు. 2022 మేలో ‘గడప గడపకు మన ప్రభుత్వం’ పేరుతో ఎమ్మెల్యేలను ఇంటింటికీ తిప్పినా ఆ దూరం తగ్గలేదు.

ఆపై జరిగింది తెలిసిందే. 2024 మార్చి ఆఖరులో ఎన్నికల సంఘం వాలంటీర్లను నగదు పంపిణీకి దూరంగా ఉంచాలని ఆదేశించింది. మండుటెండల్లో వృద్ధులు సచివాలయాల చుట్టూ, మరుసటి నెల బ్యాంకుల చుట్టూ తిరిగారు. ఆ ఏడాది ఉగాది నాడు వాలంటీర్లను కొనసాగించి రూ.10 వేలు ఇస్తామని చంద్రబాబు హామీ ఇచ్చారు. గెలిచాక అది అమలు కాలేదు. 2023 ఆగస్టు తర్వాత వారి కొనసాగింపునకు ఉత్తర్వులే లేవన్నది ప్రభుత్వ సమాధానం. జులై 1న సచివాలయ ఉద్యోగులే పెంచిన రూ.4 వేలు, మూడు నెలల బకాయితో కలిపి రూ.7 వేలను ఇంటి వద్ద అందించారు. ఉద్యోగితో ఈ పని సాధ్యమేనని తేలింది. ఫొటోలో పక్కన నిలబడేందుకు పార్టీ వారూ వెళ్లారనుకోండి.

లెక్కకు సభలు.. తీర్మానాలెక్కడ?

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. ప్రపంచ రికార్డు పత్రమూ దక్కింది. అంతకు ముందు వారమే స్వాతంత్య్ర దినోత్సవ నిర్వహణకు చిన్న పంచాయతీకి రూ.10 వేలు, పెద్ద పంచాయతీకి రూ.25 వేలు ఇచ్చారు. దశాబ్దాలుగా ఆ మొత్తం రూ.100, రూ.250 మాత్రమే! ఇవి పంచాయతీకి గౌరవం తెచ్చిన నిర్ణయాలే. కానీ రికార్డు లెక్కించింది ఎన్ని సభలు జరిగాయన్నదే. ఏ వీధి కాలువ ముందు, ఏది తర్వాత అని జనం వాదించి తేల్చుకున్న సభలు మా ప్రాంతంలో చూసినంతలో అరుదు. పనుల జాబితా ముందే సిద్ధమై ఉంటుంది. చదువుతారు, చప్పట్లు కొడతారు, సంతకాలు సేకరిస్తారు.

అదే నెల 8న పాఠశాల యాజమాన్య కమిటీలకు, డిసెంబరులో సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. కార్యకర్త నలుగురికీ పనికొచ్చే చోట్లు ఇవి. బడిలో మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, చివరి ఆయకట్టుకు కాలువ పూడిక తీశారా అని చూడటానికి పెద్ద పదవి అక్కర్లేదు. సాగునీటి సంఘాల ఎన్నికను వైకాపా బహిష్కరించింది. చాలాచోట్ల ఏకగ్రీవమని ప్రకటించారు. ఆ ఏకాభిప్రాయం రైతుల మధ్య కుదిరిందా, కూటమి పార్టీల పంపకంలో కుదిరిందా అన్నది ఆయకట్టు రైతుకు తెలుసు. మూడు జెండాలున్న చోట పంపకమే పెద్ద పని. పాతవారి కినుక, ఎన్నికల ముందు వచ్చి చేరిన వారి హడావుడి.. సగం శక్తి అక్కడే ఖర్చవుతోంది. రూ.100 రుసుముతో, రూ.5 లక్షల ప్రమాద బీమాతో తెదేపా సభ్యత్వం కోటి దాటిందని ఆ పార్టీ ప్రకటించింది. ఊళ్లో అడిగితే సభ్యులకు బీమా సంగతి బాగా గుర్తుంది. సభ్యునిగా చేయాల్సిన పని ఏమిటంటే జవాబు దొరకదు.

పక్క రాష్ట్రంలో జరిగినది ఇక్కడ ప్రస్తావించాలి. 2023 డిసెంబరులో 64 స్థానాలతో గెలిచిన కాంగ్రెస్‌ కూడా మరుసటి ఏడాది ఇందిరమ్మ కమిటీలు వేసింది. అదీ పాత దారే. కానీ 2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ గ్రామసభల్లో ఇళ్లు, రేషన్‌కార్డుల జాబితాలను జనం ముందు చదివి వినిపించారు. అప్పటికి ఏడాదిగా అక్కడ సర్పంచులు లేరు. తమ పేర్లు లేని వారు అధికారులను నిలదీశారు. పలుచోట్ల సభలు రసాభాస అయ్యాయి, మళ్లీ దరఖాస్తులు తీసుకోవాల్సి వచ్చింది. దాన్ని వైఫల్యమని రాసిన వారున్నారు. మాకు మాత్రం చప్పట్ల సభ కన్నా ఆ గలాటా సభే నయమనిపించింది. పేరు ఎందుకు లేదని పదిమందిలో అడగగలిగిన చోట అరుగు మీది నాయకునితో పనేముంది?

నిబంధన తేటగా ఉన్నచోటా అంతే. పింఛను పొందే భర్త మరణిస్తే మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే విధానం రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి వచ్చింది. మరణ ధ్రువపత్రంతో సచివాలయానికి వెళ్తే చాలు, సిఫారసు అవసరం లేదు. 2025 ఆగస్టులో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన నోటీసులు అందినప్పుడు మాత్రం కథ మళ్లీ మొదటికొచ్చింది. అప్పీలు చేసుకోవాల్సింది ఎంపీడీవో కార్యాలయంలో. నోటీసు పట్టుకున్న వారు మా మండలంలో ముందుగా తట్టింది నాయకుల తలుపులే. అప్పీలు ఎక్కడ చేయాలో చెప్పి, కాగితం రాసిపెట్టి, బండి మీద మండల కార్యాలయానికి తీసుకెళ్లిన కార్యకర్తలూ కొందరు కనిపించారు. వారు ఏ జాబితానూ పట్టుకుని కూర్చోలేదు.