పాతబస్తీ కిరాయి యిండ్లు

చార్మినారును చూడవచ్చిన వారందఱును తల పైకెత్తి మీనారులను చూతురు. ఆ మీనారుల క్రింది నుండి నలుదిక్కులకు పోవు గల్లీలలో ఎవరు కాపురముండుచున్నారో, నెలకెంత కిరాయి చెల్లించుచున్నారో, చెల్లించినదానికి రసీదు కలదో లేదో విచారించువారు అరుదు. 1591లో వెలసిన ఆ కట్టడమును గూర్చి వ్రాసినదానిలో నూఱవవంతైనను దాని నీడలో తలదాచుకొన్న కిరాయిదారులను గూర్చి ఎవరును వ్రాయలేదు. ఇరువది సంవత్సరములుగా ఈ నగరపు న్యాయస్థానములలో ఇంటి తగవులు నడపుచున్న వాడనగుటచే, ఈ విషయమున రెండు మాటలు చెప్పుట నా విధియని తలంచుచున్నాను.

పాతబస్తీలో కిరాయికి చేరువాడు చవక కొఱకే చేరుననుట పొరపాటు. లాడ్ బజారులో లక్క గాజులు చేయువానికి కొలిమి ఇంటి గడపకు పది అడుగులలో నుండవలెను. పత్తర్‌గట్టిలో బట్టల కొట్టున పనిచేయు గుమాస్తాకు రాత్రి పదిగంటలకు కొట్టు మూసిన వెనుక నడచిపోదగినంత దూరములో కాపురము కావలెను. మీరాలం మండీలో తెల్లవారుజామున కూరగాయలు, రంజాను రాత్రులలో తెల్లవారువఱకు వెలుగు, ఆషాఢమున లాల్ దర్వాజా బోనముల సందడి, ఇవన్నియు నగరపు టంచున మొలచిన మిద్దెల వరుసలలో దొరకునవి కావు. గౌలిపురాలోను, హరిబౌలిలోను మూడు తరములుగా కిరాయి యిండ్లలోనే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబములు నాకు తెలియును. వారిని వేఱొకచోటికి పొమ్మనుట చెట్టును వేరుతో పెకలించుటయే. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. మంచిదే. గాజునకు గుర్తింపు కలిగినది. గాజు చేయువాని నివాసమునకు మాత్రము ఏ గుర్తింపును లేదు.

ఇక నా యిండ్ల సంగతి. ఒకనాడు ఒక్క కుటుంబము వసించిన దేవిడీలో నేడు పది కుటుంబములుండును. నడిమి వాకిట నల్లా యొక్కటి. నీరు వచ్చు గంట సేపు బిందెల వరుస. కరెంటు మీటరు యజమాని పేర నుండును; దానినుండి చిక్కుపడిన తీగెలు గోడల వెంట ప్రాకి పది గదులకు పోవును. మెట్లు ఒక మనిషి యెక్కుచుండగా మఱియొక మనిషి దిగరానంత యిరుకు. ఇంటికి హక్కుదారులు ఒకరు కాదు. అన్నదమ్ములు, అప్పచెల్లెండ్రు, వారి సంతతి, కొందఱు విదేశములలో. గోడ పగిలిన యెడల ఎవరిని అడుగవలెనో కిరాయిదారునకే తెలియదు. చార్మినారు వంటి రక్షిత కట్టడమునకు నూఱు మీటర్ల లోపల క్రొత్త కట్టడమును 2010 నాటి సవరణ చట్టము నిషేధించినది. మరమ్మతులకు సైతము అనుమతి పొందవలెను. ఆ నిబంధన న్యాయమైనదే. కాని అనుమతి కోరు శ్రమ పడనొల్లని యజమాని, చట్టమునే సాకుగా చూపి, కారుచున్న కప్పును కారనిచ్చుట నేను పలుమాఱులు చూచితిని.

2025 మే 18న గుల్జార్ హౌజ్ యొద్ద ఒక యింట మంటలు చెలరేగి పదునేడుగురు మరణించిరి. వారిలో ఎనిమిదిమంది పిల్లలు. క్రింద దుకాణము, పైన కాపురము, లోనికిని వెలుపలికిని ఒక్కటే యిరుకు దారి. అటువంటి యిండ్లు ఆ చుట్టుప్రక్కల ఎన్ని యున్నవో ఆ బస్తీలో తిరుగువారికి వేఱుగ చెప్పవలెనా? ఆ వారమంతయు అందఱును మాటలాడిరి. తరువాత ఎంతమంది కిరాయిదారులు తమ యజమానుల నడిగి రెండవ త్రోవ తీయించుకొనిరి? అడుగుటకు వారికి నోరు రాదు. ఏలనగా అడిగినవానిని మఱునెల ఖాళీ చేయుమందురు; కాదనుటకు వానియొద్ద కాగితము లేదు.

కాగితము! తగవంతయు అక్కడనే యున్నది. 1954లో హైదరాబాదు రాష్ట్రమునకు ఇండ్ల అద్దె నియంత్రణ చట్టమొకటి వచ్చినది. దాని స్థానమున 1960 చట్టము ఏర్పడి, 2014 విభజన పిమ్మట తెలంగాణమునకును వర్తించినది. ఆ చట్టము ప్రకారము అద్దె చెల్లించిన ప్రతివానికిని రసీదు పొందు హక్కు కలదు. యజమాని అద్దె పుచ్చుకొననిచో, బ్యాంకు పేరు తెలుపుమని నోటీసీయవచ్చును; పది దినములలో తెలుపనిచో మనియార్డరు పంపవచ్చును; దానిని తిప్పిపంపినచో అధికారి యొద్ద జమకట్టవచ్చును. ఇంత చక్కని మార్గమున్నను నడచినవారు బహు స్వల్పము. పైగా 2005 నాటి సవరణ, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె యిండ్లను ఈ రక్షణ నుండి తొలగించినది. నేడు చార్మినారు ప్రక్కన ఆ సొమ్మునకు కుటుంబమునకు తగిన యిల్లెక్కడ? కావున క్రొత్తగా చేరువానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే గతి. నెలసరి అద్దెదారునకు పదునైదు దినముల నోటీసు చాలును. ఏడాదికి మించిన లీజునకు 1908 రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్ట్రేషను కావలెను గనుక, అందఱును పదునొకండు నెలలకే వ్రాసికొందురు. పండ్రెండవ నెల నుండి వ్రాతయు లేదు, మాటయు లేదు.

దీని ఫలమేమో ఒక యుదాహరణము చెప్పెదను. ఎంజీబీఎస్ నుండి చాంద్రాయణగుట్టకు ఏడున్నర కిలోమీటర్ల మెట్రో మార్గము కొఱకు 2025 జనవరిలో పాతబస్తీ యిండ్లు కూల్చుట మొదలైనది. యజమానులకు పరిహారపు చెక్కులు అందినవి. ఆ దినములలోనే ఒక దర్జీ నా యొద్దకు వచ్చెను. పదునాలుగేండ్లుగా ఒకే గదిలో కాపురము. "రసీదు లేదా?" అంటిని. "అవ్వ ఇయ్యలేదు వకీలు సాబ్. కొడుకు లెక్క ఉన్నవు, మన నడుమ కాగితమెందుకు బిడ్డా అన్నది" అనెను. అవ్వ గతించినది. వారసులు ఇతని నెఱుగరు. 2013 భూసేకరణ చట్టము, పట్టణములలో సేకరణకు పూర్వము మూడేండ్లుగా నివసించుచున్న కుటుంబమును బాధిత కుటుంబముగనే లెక్కించినది, యజమాని కానక్కరలేదు. కాని మూడేండ్లని చూపుటెట్లు? రేషను కార్డు, పిల్లల బడి కాగితములు, గ్యాసు పుస్తకము ప్రోగుచేసి అర్జీ వ్రాసితిమి. నెలకొక రసీదున్నచో ఆ శ్రమ అవసరమే యుండదు.

యజమానుల పక్షమునను న్యాయము కలదు. దానిని దాచుట వకీలు పని కావచ్చును గాని పత్రికలో వ్రాయువాని పని కాదు. నడిబజారులో మూడువందలకు గది పట్టుకొని, దానినే మఱియొకనికి మూడువేలకిచ్చు కిరాయిదారులు లేకపోలేదు. తన యింటిపై వచ్చినది పన్నునకు చాలని యజమాని సున్నమేల వేయించును? న్యాయమైన అద్దె నిర్ణయింపుమని యజమానియు కంట్రోలరును కోరవచ్చునని చట్టములోనే యున్నది. పగ పట్టి ఖాళీ చేయించుటకు పదేండ్లు తిరుగుటకంటె ఆ దారి సుళువు.

ఇంకొక సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. ఇల్లు చూపుటకు ముందే "మీరేమిటివారు?" అను ప్రశ్న. ఈ గల్లీలో వారికీయరు, ఆ గల్లీలో వీరికీయరు. ఏమి తిందురని వంటింటి లెక్క వేఱు. దుకాణములు, హోటళ్లు, బావులు, చెఱువుల విషయమున ఈ భేదము కూడదని రాజ్యాంగపు పదునైదవ అధికరణము శాసించినది. కిరాయి యింటి పేరు అందులో లేదు. ఒకే గల్లీలో పీర్ల సవారినీ, బోనములనూ చూచి పెరిగిన పెద్దలు, తమ మిద్దెపై గది యిచ్చునపుడు ఆ సంగతి మఱతురేల?

కేంద్ర ప్రభుత్వము 2021లో నమూనా అద్దె చట్టమొకటి ఆమోదించినది. వ్రాతపూర్వకమైన ఒప్పందము తప్పనిసరి యనియు, నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్టు కూడదనియు అందున్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రము చట్టము చేసినగాని అమలులోనికి రాదు. అంతవఱకు మనము చేయదగినది చిన్నది. మా పఠనమందిరమున ముద్రిత రసీదు పుస్తకము లుంచితిమి. యజమానియు కిరాయిదారుడును సంతకము పెట్టుటకు ఖాళీలున్నవి. ఆదివారము ప్రొద్దున పదిగంటలకు నేనచ్చటనే యుందును. వచ్చువారు పాత కాగితమేదున్నను, కరెంటు బిల్లైనను సరే, వెంట తీసికొని రావలెను.