ఫార్మాట్ కొట్టెయ్ అనే ముందు...

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. (నాకూ ఉంది, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నా.) ఎవరైనా ఫోన్ చేసి "రాస్ప్‌బెర్రీ పై ఆన్ అవ్వట్లేదు, తెర మీద ఏమీ రావట్లేదు" అనగానే, వాళ్ళ మాట పూర్తవకుండానే "కార్డు ఫార్మాట్ చేసి ఓఎస్ మళ్ళీ ఎక్కించెయ్" అంటాం. ఆన్ అవ్వకపోవడం వేరు, తెర మీద రాకపోవడం వేరు అన్న ఆలోచనే రాదు.

సంగతేంటంటే, మా ఊరి హైస్కూల్లో ఒక రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డు ఉంది. 2019లో నేనే కొనిచ్చి, ఓఎస్ ఎక్కించి, అక్కడున్న టీవీకి తగిలించి వచ్చాను. పిల్లలు స్క్రాచ్‌లో ఆటలు చేసుకునేవాళ్ళు. 2024 జూన్‌లో బళ్ళు తెరిచాక లెక్కల మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, నో సిగ్నల్ అంటోంది. బోర్డు పోయినట్టుంది" అన్నారు. నేను ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉన్నా. "కార్డు కరప్టయి ఉంటుంది మాస్టారూ, పెన్‌డ్రైవ్‌లో ఇమేజ్ ఇచ్చానుగా, కంప్యూటర్ షాపు కుర్రాడితో మళ్ళీ ఎక్కించండి" అని చెప్పి పెట్టేశా. ఆ కుర్రాడు ఎక్కించాడు. బాగానే వచ్చింది. నేను పెద్ద మేధావిలా ఫీలయ్యా. వారం తర్వాత కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ నో సిగ్నల్!

దసరాకి వెళ్ళినప్పుడు బోర్డు ముందు కూర్చున్నా. ఎర్ర లైటు నిలకడగా ఉంది. ఆకుపచ్చ లైటు అడ్డదిడ్డంగా మిణుకుమంటోంది, అంటే కార్డుని శుభ్రంగా చదువుకుంటోంది. బోర్డు నిక్షేపంలా బూట్ అవుతోందండీ! బొమ్మే వేరే దారిన పోతోంది.

ఆ పాత సిస్టంలో బోర్డు లేచిన క్షణంలో అవతల హెచ్‌డీఎంఐ టీవీ ఉందా లేదా అని చూసుకుంటుంది. లేదనిపిస్తే బొమ్మని కాంపొజిట్ వైపు, అంటే పాత ఏవీ జాక్ వైపు పంపేస్తుంది. తర్వాత టీవీ వేసినా ఇటు తిరగదు. స్కూల్లో కరెంటు రాగానే బోర్డు దానంతటదే లేస్తుంది. టీవీ మాత్రం ఎవరో ఒకరు రిమోట్ వెతికి నొక్కేదాకా లేవదు. అంతే జరిగింది! ముందు టీవీ వేసి తర్వాత బోర్డు వేస్తే బొమ్మ వచ్చేసింది. కాన్ఫిగ్ ఫైల్లో ఫోర్స్ హాట్‌ప్లగ్ 1 అని ఒక లైను, 720పీ కోసం గ్రూప్ 1, మోడ్ 4 అని ఇంకో రెండు లైన్లు పెట్టా. ఇప్పుడు ఏది ముందు వేసినా పర్లేదు.

జూన్‌లో ఫోన్లో నేను ఒక్క ప్రశ్న అడగాల్సింది: "మాస్టారూ, ఆకుపచ్చ లైటు ఎలా వెలుగుతోంది?" అడగలేదు.

పై 3లో ముందు లేచేది మనమనుకునే ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ భాగం. అది కార్డులోంచి బూట్‌కోడ్, ఆ తర్వాత స్టార్ట్ ఫైలు తెచ్చుకుని, కాన్ఫిగ్ చూసుకుని, అప్పుడు కెర్నల్‌ని లేపుతుంది. ఎక్కడ ఆగిందో ఆ పచ్చ లైటే చెప్తుంది. 4 సార్లు మెరిసి ఆగి మళ్ళీ 4 సార్లు మెరిస్తే స్టార్ట్ ఫైలు దొరకలేదని. 7 సార్లైతే కెర్నల్ దొరకలేదని. ఇంద్రధనస్సు రంగుల తెర దగ్గర ఆగిపోతే ఫర్మ్‌వేర్ దాకా వచ్చి కెర్నల్ దగ్గర చిక్కుకుందని. ఎర్ర లైటు ఆరి వెలుగుతుంటే వోల్టేజీ 4.63 కంటే కిందకి పడిపోతోందని. ఈ చివరిదానికి కార్డుని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు. 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే సరైన అడాప్టర్ కావాలి, ఫోన్ చార్జరూ సన్నటి కేబులూ చాలవు. ఆఫీసులో వంద లైన్ల స్టాక్ ట్రేస్ చదివే మనం నాలుగు మెరుపులు లెక్కపెట్టలేమా?

"రూట్ కాజ్ వెతికే టైమెవడికుంది, ఫార్మాట్‌కి పది నిమిషాలు" అంటారు మా టీములో మిత్రులు. సర్వర్ల విషయంలో నేనూ ఒప్పుకుంటా. అక్కడ డేటా వేరే చోట ఉంటుంది, మెషీన్ పోతే ఇంకోటి లేపుకుంటాం. ఇక్కడ ఓఎస్ ఉన్నదీ, డేటా ఉన్నదీ, బ్యాకప్ అనుకుంటున్నదీ అంతా ఆ వేలిగోరంత కార్డే. మన క్లౌడ్ అలవాటుని తీసుకెళ్ళి ఊరి బడి మీద రుద్దితే ఎలా?

ఇంకో రకం వాళ్ళున్నారు, ఫార్మాట్ అనరు, ఎక్కడో దొరికిన లైన్లు కాపీ కొట్టి ఇస్తారు. నేను పైన చెప్పిన మూడు లైన్లు కూడా అలా కాపీ కొట్టకండి బాబూ! 2021 నవంబర్‌లో వచ్చిన బుల్స్‌ఐ నుంచి డిస్‌ప్లే పని కెర్నల్ డ్రైవర్ చేతికి పోయింది, అది ఆ లైన్లని లెక్కచెయ్యదు. అక్కడైతే కెర్నల్ కమాండ్ లైనులో వీడియో ఆప్షన్ ఇవ్వాలి. పై 4కి రెండు హెచ్‌డీఎంఐలు ఉంటాయి, ముందు పవర్ పోర్టు పక్కనున్నదాంట్లో పెట్టి చూడండి.

మెరుపుల లెక్క తెలుగులో రాసి ఆ టీవీ పక్క గోడకి అతికించి వచ్చా. కాపీ తీసుకోమని ఇంకో పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చా. కానీ జూన్‌లో ఆ ఫార్మాట్‌తో పిల్లలు చేసుకున్నవన్నీ పోయాయి. అందులో ఒకమ్మాయి ఎనిమిదో తరగతి అంతా కూర్చుని చేసిన పల్లెవెలుగు బస్సు ఆట ఉంది, స్టాపు స్టాపుకీ జనం ఎక్కుతారట. మళ్ళీ చేస్తావా అని అడిగితే, తొమ్మిదిలోకి వచ్చా, ఇంక టైం లేదన్నా అంది.