ఊపిరి నేర్పేవాళ్ళను ముందే పిలవండి

కరోనా రెండో విడతలో మందుల షాపుల్లో మాస్కులు, ఆక్సీమీటర్ల పక్కన కొత్త సరుకు ఒకటి చేరింది. ప్లాస్టిక్ డబ్బాలో మూడు రంగు బంతులు, దానికో గొట్టం. పేరు స్పైరోమీటర్. కొనుక్కెళ్ళినవాళ్ళలో ఎంతోమంది దాన్ని బూర ఊదినట్టు ఊదారు. ఊదితే ప్రయోజనం లేదు. గొట్టాన్ని పెదాలతో బిగించి, గాలిని నెమ్మదిగా లోపలికి పీల్చాలి. బంతి పైకి లేచాక రెండు మూడు సెకన్లు అలాగే నిలపాలి. అప్పుడే ఊపిరితిత్తుల అడుగుభాగం విచ్చుకుంటుంది. ఈ చిన్న సంగతి దగ్గరుండి నేర్పే మనిషి చాలా ఇళ్ళకు దొరకలేదు. ఆ మనిషే ఫిజియోథెరపిస్టు.

మన వైపు ఫిజియో అంటే నడుముకో మోకాలికో కరెంటు పెట్టే వాళ్ళని పేరు. పక్షవాతం వచ్చినవాళ్ళను మళ్ళీ నడిపిస్తారని ఇంకొందరికి తెలుసు. ఊపిరితో వాళ్ళకేం పనో ఐసీయూ గుమ్మం దాటినవాళ్ళకే తెలుసు. జనానికి తెలియకపోతే తప్పు పట్టనక్కర్లేదు. ఆస్పత్రులు నడిపేవాళ్ళకూ, మహమ్మారికి ప్రణాళికలు వేసే అధికారులకూ పట్టకపోతేనే ప్రాణాల మీదికి వస్తుంది.

పదిహేను రోజులు ఐసీయూలో పడుకున్న మనిషిని మంచం అంచున కూర్చోబెట్టడం ఎలా ఉంటుందో చూడండి. ముందు ఏ గొట్టం ఎటుందో చూసుకోవాలి. ఒక చెయ్యి భుజాల కింద, ఇంకో చెయ్యి మోకాళ్ళ కింద వేసి, పక్కకు తిప్పి, కాళ్ళు కిందికి దించుతూ లేపాలి. ఒక కన్ను రోగి ముఖం మీద, ఇంకో కన్ను మానిటర్ మీద ఉండాలి. పడుకున్నప్పుడు 95 చూపించిన ఆక్సిజన్ కూర్చోగానే 87కు జారిందనుకోండి. అక్కడే ఆగాలి. పెదాలు సున్నాలా చుట్టించి నెమ్మదిగా గాలి వదిలించాలి. అంకె మళ్ళీ ఎక్కాకే తర్వాతి అడుగు. నేల మీద నిలబెట్టడం రేపటి మాట. తొందరపడితే రోగికి ముప్పు. అలాగే వదిలేస్తే కండలు కరిగిపోతాయి, బతికి బయటపడ్డ మనిషి సొంతంగా గ్లాసు కూడా ఎత్తలేడు.

వెంటిలేటర్ మీద ఉన్న రోగిని బోర్లా తిప్పాలంటే ఐదారుగురు కావాలి. తల దగ్గర నిలబడ్డవాళ్ళ పనల్లా నోట్లో గొట్టం జారకుండా కాయడం. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ ఇళ్ళలో ఉన్న రోగులకు కూడా, ఆక్సిజన్ 94 కంటే తగ్గితే బోర్లా పడుకోమని సూచనలిచ్చింది. గర్భిణులు, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవాళ్ళు చేయొద్దనీ, అన్నం తిన్న గంటదాకా వద్దనీ చెప్పింది. కాగితం మీద అంతా సులువే. ఆయాసంతో రొప్పుతున్న డెబ్భై ఏళ్ళ మనిషికి దిండ్లు ఎక్కడెక్కడ పెట్టాలో ఎవరు చూపించారు?

కరోనా వచ్చిన ప్రతివాళ్ళకూ ఫిజియో అక్కర్లేదు. 2020లో 'జర్నల్ ఆఫ్ ఫిజియోథెరపీ'లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన సిఫారసులు ఆ మాటే చెప్పాయి. కఫం పట్టి బయటికి రానివాళ్ళకూ, లేచి కూర్చోలేనివాళ్ళకూ సాయం చేయాలి, అవసరం లేనిచోట వార్డులోకి వెళ్ళనే కూడదు. దగ్గించి కఫం తీసే పనిలో తుంపరలు నేరుగా వైద్యం చేసేవాళ్ళ ముఖం మీదికే వస్తాయి. ఎన్‌95 మాస్కు ముఖానికి సరిగ్గా అతికిందో లేదో చూసుకోవడం, పీపీఈ సూటు తొడగడం, అంతకన్నా జాగ్రత్తగా విప్పడం సాధన చేస్తేనే వస్తాయి. రోగం వచ్చి పడ్డాక ఆ సాధనకు వ్యవధి ఉండదు.

ఈ వృత్తికి మహమ్మారులు కొత్త కాదు. పోలియోతో చచ్చుబడ్డ పిల్లల కాళ్ళకు కదలిక తెచ్చే పనిలో ప్రపంచమంతా ఇది బలపడింది. మన దేశంలో 1950ల మొదట్లో బొంబాయిలో ఫిజియోథెరపీ చదువు మొదలైందీ పోలియో నేపథ్యంలోనే. ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఏటా పిల్లలు ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ చదివి బయటికొస్తున్నారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపీకి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. చదువుంది, చట్టముంది. ఆపద రోజున ఎవరు ఎక్కడ నిలబడాలన్న ఏర్పాటే కావాలి.

అలాంటి రోజు ఎలా ఉంటుందో ఏలూరుకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. కరోనా ఇంకా పోనేలేదు, దాని మీద ఇది. ఎయిమ్స్, ఎన్ఐఎన్, ఐఐసీటీ, నీరి సంస్థల బృందాలు వచ్చాయి. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల మీద అనుమానపడ్డారు. ఆ రోజులు నేర్పిన పాఠం ఒకటుంది. పరీక్షలు చేసే బృందాలు ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి వస్తాయి. మంచం పక్కన నిలబడాల్సింది మాత్రం ఊళ్ళోవాళ్ళే.

ఆస్పత్రి గుమ్మం దాటాక మొదలయ్యే కష్టం ఇంకొకటి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి, కొల్లేరు చెరువుల్లో తెల్లవారుజామునే దిగి వల లాగే కూలీకి ఊపిరే పెట్టుబడి. జబ్బు తగ్గిందని ఆస్పత్రి కాగితమిచ్చి పంపుతుంది. పది అడుగులేస్తే ఆయాసం, బస్తా ఎత్తితే కళ్ళు తిరగడం. సాధారణంగా కరోనా సోకిన మూడు నెలలకు కనిపిస్తూ, మరో కారణం లేకుండా కనీసం రెండు నెలలు వేధించే ఇలాంటి బాధలను కరోనా అనంతర స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. వీళ్ళలో కొందరికి వ్యాయామం మోతాదు మించితే జబ్బు తిరగబెడుతుంది. "బాగా నడువు, అదే పోతుంది" అన్న సలహా వాళ్ళకు చేటు. ఎంత నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆరు నిమిషాలు నడిపించి, ఆక్సిజన్, నాడి చూసి తేల్చాల్సిన సంగతి.

దానికోసం కొల్లేటి లంక గ్రామం నుంచి ఏలూరు రావాలంటే ఒక రోజు కూలీ పోతుంది, తోడొచ్చినవాళ్ళ కూలీ కూడా పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు కొల్లేటిలోకి పోటెత్తినప్పుడు లంకల చుట్టూ నీళ్ళే. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదా నీరు పారింది. అలాంటి వేళ మహమ్మారి కూడా వస్తే రోగి ఫిజియో దగ్గరికి రాలేడు. ఆ విద్యే లంకకు వెళ్ళాలి. ఊపిరి కసరత్తులు, బోర్లా పడుకోబెట్టే తీరు, ఆక్సీమీటర్ చదవడం, ఎప్పుడు ఆస్పత్రికి పంపాలో గుర్తుపట్టడం ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఫిజియోలే ముందుగా నేర్పి పెట్టాలి. ఆ తర్వాత ఫోన్లో వీడియో చూసి సరిదిద్దొచ్చు.

సిద్ధంగా ఉన్నారా అని ఫిజియోలను అడిగే ముందు, వాళ్ళను సిద్ధం చేశామా అని మనం ప్రశ్నించుకోవాలి. ఇంట్లో ముసలి తల్లిదండ్రులనో, పసిబిడ్డనో పెట్టుకుని కరోనా వార్డులోకి వెళ్ళమంటే ఎవరికైనా గుండె జారుతుంది. అది పిరికితనం కాదు. విడిగా ఉండేందుకు గది, సరిపడా మాస్కులు, డ్యూటీకి డ్యూటీకి మధ్య విరామం, కుటుంబానికి భరోసా ఇస్తే వెనకడుగు వేసేవాళ్ళు తగ్గుతారు. 2020లో కేంద్రం ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా కరోనా రోగుల దగ్గర విధుల్లో ఉన్న ఆరోగ్య సిబ్బందికే. సొంత క్లినిక్ నడుపుకునేవాళ్ళను విధుల్లోకి తీసుకుంటేనే వర్తించేది. లాక్‌డౌన్‌లో క్లినిక్ మూతపడి ఆదాయం పోయిన ఆ చేతులు ఒకవైపు, మనుషులు సరిపోని ఆస్పత్రులు మరోవైపు. ఈ రెండింటినీ కలిపే జాబితా ఒక్కటి జిల్లా కార్యాలయంలో ఉంటే ఎంత మేలు జరిగేది!

2025 మేలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. మళ్ళీ రాదనుకుంటే ఇన్ని దేశాలు కూర్చుని అంత దూరం ఆలోచించేవి కావు. జెనీవాలో అనుకున్నది కైకలూరు దాకా రావాలంటే పని ఇక్కడ జరగాలి. 2022 జిల్లాల విభజనతో ఏలూరు ఒక జిల్లాలోకి, తాడేపల్లిగూడెం మరో జిల్లాలోకి వెళ్ళాయి. రోగానికి ఆ సరిహద్దు లేదు కాబట్టి ఇద్దరు కలెక్టర్లూ కలిసి చేయాల్సిన పనులివి. జిల్లాల్లో ఉన్న ఫిజియోల జాబితా, ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా, తయారు చేయించండి. ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఐసీయూలో వాళ్ళకు ఏటా కొన్ని రోజులు శ్వాస చికిత్సలో శిక్షణ ఇప్పించండి. ఖాళీ పోస్టులుంటే నింపండి. విధుల్లోకి తీసుకున్న రోజు నుంచే బీమా వర్తించేలా ఉత్తర్వు ఇప్పుడే రాసి పెట్టండి.

వెంటిలేటర్ ఊపిరి నిలబెడుతుంది. మనిషిని లేపి తన కాళ్ళ మీద ఇంటికి పంపడానికి శిక్షణ ఉన్న చేతులు కావాలి. వెంటిలేటర్లను డబ్బు పెట్టి తెప్పించుకోవచ్చు. ఆ చేతులు తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఈ రెండో పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.