కిరీటంలో కూర్చుంటే కబురొస్తుంది!

2020 డిసెంబరు... ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ ప్రాథమిక పరీక్షల్లో తేలింది. తర్వాత పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. ఏదేమైనా ఓ ప్రశ్న మాత్రం మిగిలింది. బిందెలో నీళ్లు మంచివో కావో ఇంట్లోనే తెలుసుకునేదెలా?

సీసం కంటికి కనపడదు. మరిగించినా పోదు. లీటరు నీటిలో 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. అంత కొంచెాన్ని కచ్చితంగా కొలవాలంటే ప్రయోగశాలలో ఖరీదైన యంత్రాలు కావాలి. ఆ పని ఒక్క అణువుతో చేయించాలన్నది రసాయన శాస్త్రవేత్తల ఆశ.

దీనికి దారి చూపింది అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో పనిచేసిన ఛార్లెస్ పెడర్సన్. వేరే పదార్థం కోసం ప్రయత్నిస్తుంటే అనుకోకుండా కాసిని తెల్లటి స్ఫటికాలు తయారయ్యాయి. వాటి అణువు కిరీటంలా గుండ్రంగా ఉంది. మధ్య ఖాళీలో లోహ అయాను వచ్చి కూర్చుంటోంది! 1967లో ఆయన ఈ సంగతి లోకానికి చెప్పారు. చిన్న కిరీటం సోడియానికి, కాస్త పెద్దది పొటాషియానికి సరిపోతాయి... చేతికి తగ్గ గాజుల్లాగే. 1987లో మరో ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

కూర్చుంటే చాలదు, కబురు అందాలిగా! అందుకే కిరీటానికి ఫెర్రోసీన్ అనే మరో అణువును జతచేశారు. రెండు కార్బన్ వలయాల మధ్య ఇనుప పరమాణువు ఉంటుందందులో. కొద్దిపాటి వోల్టేజీకే ఓ ఎలక్ట్రాన్‌ను వదిలేసి ధనావేశం పొందుతుంది. పక్కనే ధనావేశంతో లోహ అయాను కూర్చుని ఉంటే మాత్రం మొరాయిస్తుంది. ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా! దాంతో వోల్టేజీ ఇంకాస్త పెంచాల్సి వస్తుంది. ఆ తేడానే మనకు కబురు. ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ బీర్ వంటివారు ఇలాంటి అణువులెన్నో తయారుచేశారు.

చిక్కల్లా నీళ్లలోనే. నీటి అణువులు అయాన్లను చుట్టుముట్టి ఓ పట్టాన వదలవు. పైగా కుళాయి నీటిలో కాల్షియం, సోడియం సీసం కన్నా వేల రెట్లు ఎక్కువ. కాబట్టి సైజు ఒక్కటే చూస్తే కుదరదు, లోహం ఇష్టాయిష్టాలూ చూడాలి. పాదరసానికి గంధకమంటే ప్రాణం. అందుకే దానికోసం చేసే కిరీటంలో ఆక్సిజన్ బదులు గంధకం పెడతారు.

ఇదంతా అయ్యేపనేనా అంటారా? 1987లో పెన్నులాంటి గ్లూకోజ్ మీటరు ఒకటి మార్కెట్లోకి వచ్చింది. అందులో ఎలక్ట్రాన్లను మోసింది ఫెర్రోసీన్ సంబంధిత పదార్థమే. ఇవాళ వేలి మీది నెత్తుటి బొట్టుతో ఇంట్లోనే షుగర్ చూసుకుంటున్నాం. బిందెలోని నీటిబొట్టుకూ ఆ రోజు రావాలి.