అకూస్టిక్ బేస్ గిటారు కొనవచ్చునా?



గృహ కూడికలకు అకూస్టిక్ బేస్ గిటారు కొందామని మీలో కొందరు ఆశపడుతున్నారు. ఆంప్లిఫయరు మోయనక్కరలేదు, కరెంటు పోయినా పాట ఆగదు అనుకుంటున్నారు. ఆశ మంచిదే. అయితే ఆ వాయిద్యం స్వభావం ముందు తెలుసుకోండి.

మామూలు గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్‌లో అందులో సగం, 41 సార్లే. అంత మంద్రస్వరం గట్టిగా పలకాలంటే పెట్టె పెద్దదిగా ఉండాలి. నిలబడి వాయించే డబుల్ బేస్ మనిషంత ఎత్తుండేది అందుకే. మెక్సికో దేశపు గితర్రోన్‌ను చూచి, అమెరికాలో ఎర్నీ బాల్ 1972లో ఎర్త్‌వుడ్ అనే అకూస్టిక్ బేస్ తెచ్చాడు. దాని పెట్టె చాలా పెద్దది. తరువాత వచ్చినవాటిలో చాలావరకు చేతికి అనుకూలంగా చిన్నవయ్యాయి, శబ్దమూ తగ్గింది. అందుకే వాటికి పికప్ అమర్చి అమ్ముతారు.

ఒక గిటారుతో నలుగురు మెల్లగా పాడుకునే గదిలో ఇది హాయిగా వినిపిస్తుంది. డోలక్, కంజిర, ముప్పైమంది చప్పట్లు కలిస్తే వాయించేవానికి తప్ప ఎవరికీ వినబడదు. అప్పుడు ఆంప్లిఫయరు తప్పదు. అది ఎలాగూ కొనాలంటే ఎలక్ట్రిక్ బేసే మేలు. సౌండు పెంచినా అంతగా కూతపెట్టదు.

కొనేముందు దుకాణంలో ఒకరు బేస్, ఒకరు గిటారు వాయించండి. మరొకరు పదడుగుల దూరంలో నిలబడి వినండి. బేస్ స్పష్టంగా వినబడకపోతే తిరిగి వచ్చేయండి. సంఘపు సొమ్ములో పూటపూటా పిడికెడు బియ్యం తీసిపెట్టిన తల్లుల కష్టముందని మరువకండి.