మిషన్ మనదే, అందులో ఉన్నది అమానత్

2025 అక్టోబరు 14న విండోస్ 10 విషయంలో మైక్రోసాఫ్ట్ చేతులు దులిపేసుకుంది. 2015 జులైలో తెచ్చింది, పదేళ్ళు నడిపింది, ఇక చాలంది. ఆ తారీఖుకి ముందూ వెనకా టెక్కలిలో, పలాసలో, మా రావివలసలో కంప్యూటరున్న ఇళ్ళన్నిట్లో ఒకటే సవాల్: 11కి మారాలా, వద్దా? జవాబులు మాత్రం రెండే వినపడుతున్నాయి. ఇంట్లోవాళ్ళ జవాబు: "నడుస్తోంది కదా భాయ్, నడవనీ." దుకాణందారు జవాబు: "ఇదింక పనికిరాదండి, కొత్తది తీసీసుకోండి." నాకు రెండిటి మీదా గుస్సా ఉంది. మొదటిది గఫ్లత్, రెండోది తిజారత్. మన ఫైసలా ఈ రెండిట్లో దేని చేతికీ ఇవ్వకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నా.

ఉద్దానం మనుషులకి అక్టోబరు అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్ 12వ తారీఖున వచ్చింది, 2018లో తిత్లీ 11వ తారీఖున. తుఫాను కబురు వస్తే ఇప్పుడు అందరూ వింటారు, ఎందుకంటే కబురు చెప్పే వాతావరణ శాఖ మనకి ఇంటి రేకులు అమ్ముకోదు. తెర మీద ఈ నోటీసు పెట్టినవాడు మాత్రం "మీ ఇంటి మీదికి ముప్పు వస్తోంది" అని అదే నోటితో కొత్త ఇల్లు బేరం పెడుతున్నాడు. అందుకే జనానికి నమ్మబుద్ధి కాదు. వాళ్ళ అనుమానంలో తప్పు లేదు. కానీ అమ్ముకునేవాడు చెప్పినంత మాత్రాన కబురు ఝూటా అయిపోదు. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడుతున్నారు.

సపోర్టు ఆగడమంటే మిషన్ ఆగడం కాదు. అక్టోబరు 15 పొద్దున్న కూడా అది మామూలుగానే లేచింది, పాటలు పాడింది, ప్రింట్లు తీసింది. ఆగింది మరమ్మతు. విండోస్‌లో ఎక్కడెక్కడ కన్నాలున్నాయో నెలనెలా బయటపడుతూనే ఉంటాయి, కంపెనీ నెలనెలా వాటిని పూడ్చి పంపుతూనే ఉంటుంది. ఇప్పుడు 11కి పూడుస్తుంది, 10ని వదిలేస్తుంది. రెండిటి లోపలి నిర్మాణం చాలా మటుకు ఒకటే. కాబట్టి 11లో ఈ నెల ఏ కన్నం పూడ్చారో చూసి, అదే కన్నం 10లో ఇంకా తెరిచే ఉందని దొంగ తేలిగ్గా పసిగట్టగలడు. అంటే పూడ్చిన ప్రతి కన్నమూ పాత ఇంటికి దారి చూపించే నక్షా అవుతుంది.

ఇదంతా అమెరికా కథ అనుకునేవాళ్ళకి 2017 మే నెల గుర్తు చెయ్యాలి. వానాక్రై అనే బలా ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసి, తాళంచెవి కావాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దెబ్బతిన్న జిల్లాల పేర్లలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖతో పాటు మన శ్రీకాకుళం కూడా ఉంది. అందరూ దాచిపెట్టే అసలు సంగతి ఇంకోటుంది. ఆ కన్నానికి మాటు మార్చి 14నే వచ్చింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు. మందు ఇంటికొచ్చి గుమ్మంలో పడి ఉంటే తాగనివాళ్ళే ఎక్కువమంది చిక్కారు. మరి విండోస్ 10 వాళ్ళకి ఇప్పుడా మందు గుమ్మం దాకా కూడా రాదు.

"నా మిషన్, నా ఇష్టం. పోతే నాదే పోతుంది" అంటారు కొందరు. ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

రావివలసలాంటి ఊళ్ళో రోడ్డు పక్కన ఒక జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం ఊహించుకోండి. అందులో ఒకే ఒక్క కంప్యూటరు. దాని డెస్క్‌టాప్ మీద ఏముంటుంది? ఊరి సగం మంది ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కులు. గల్ఫ్‌కి వెళ్ళే కుర్రాళ్ళ పాస్‌పోర్టులు. డయాలసిస్ పెన్షన్ కోసం కిడ్నీ రోగులు ఇచ్చిన ఆసుపత్రి కాగితాలు, ఉద్దానంలో వాటికేం కొదవ? మాలిక్ స్కాన్ చేస్తాడు, అప్‌లోడ్ చేస్తాడు, చెరిపెయ్యడం మర్చిపోతాడు. ఇప్పుడు మన ఇళ్ళకి రండి. అబ్బాజాన్ పాత ల్యాప్‌టాప్‌లో రిష్తాల కోసం పంపిన బయోడేటాలు, అమ్మాయిల ఫొటోలు ఉంటాయి. మనింటి అమ్మాయివే కాదు, ఎవరెవరి ఇళ్ళవో. మా జిల్లాలో ముస్లిం కుటుంబాలు తక్కువ కాబట్టి రిష్తాల కాగితాలు విశాఖ నుంచి, విజయవాడ నుంచి, బరంపురం నుంచి చేతులు మారుతూ వస్తాయి. ఏ ఇంటి ఇజ్జత్ ఏ డబ్బాలో పడి ఉందో ఎవరికీ తెలీదు.

డబ్బా మీదే. బిల్లు మీ పేరునే ఉంది. కానీ అందులో ఉన్నది అమానత్. ఎవరో భరోసాతో మీ చేతిలో పెట్టింది. పక్కింటి ఖాలా హజ్‌కి పోతూ గాజులు దాచమని ఇస్తే తలుపు గడియ విరిగిన గదిలో పెడతామా? "గది నాది, నా ఇష్టం" అంటామా? కాగితం దగ్గరికి వచ్చేసరికి మనకి ఆ ఖయాలే రాదు, ఎందుకంటే కాగితం మెరవదు.

సరే, మనవాళ్ళని తిట్టాను. ఇప్పుడు కంపెనీ హిసాబ్ కూడా తేల్చాలి.

2015లో ఒక సభలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగే విండోస్‌లో 10 ఆఖరిదని చెప్పాడు. 2021 అక్టోబరులో 11 వచ్చేసింది. అది ఊరికే రాలేదు, షరతులతో వచ్చింది: టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం నుంచే పనికొస్తుంది. అంటే 2017లో కష్టపడి కొన్న 7వ తరం ఐ5 కూడా గేటు బయటే. రోజూ పనిచేస్తున్న, ఒక్క స్క్రూ కూడా ఊడని మిషన్ అది. ఈ షరతుల వల్ల ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని కెనాలిస్ సంస్థ 2023 చివర్లో అంచనా వేసింది. దీన్ని ఇస్రాఫ్ అనకపోతే ఇంక దేన్ని అనాలి? మన అమ్మీలు పాత చీరని బొంత కుట్టి, బొంత చిరిగాక మసిగుడ్డ చేసి వాడిన ఇళ్ళు మనవి.

జబర్దస్తీ వీళ్ళకి కొత్తేం కాదు. 2016లో విండోస్ 10ని ఎక్కించే నోటీసు వచ్చేది గుర్తుందా? వద్దని మూల ఉన్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కితే, అది ఒప్పుకున్నట్టు లెక్క. ప్రపంచంలో ఇంటూ అంటే వద్దని అర్థం, వీళ్ళకి మాత్రం "ఖుబూల్ హై". కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒక మహిళ, అడక్కుండా ఎక్కిన విండోస్ 10 వల్ల తన పని పాడైందని కోర్టుకెక్కి 10,000 డాలర్లు గెలిచింది. కంపెనీ అప్పీలు వదిలేసుకుని కట్టింది.

ఇప్పుడూ అదే వరస. పాత విండోస్ 10కి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, మరమ్మతులు అందించే పథకం ఒకటి పెట్టారు. ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళకి మూడు దారులు: 30 డాలర్లు కట్టాలి, లేదా వాళ్ళ రివార్డు పాయింట్లు 1,000 ఇవ్వాలి, లేదా మిషన్ సెట్టింగులు వాళ్ళ క్లౌడ్‌లో బ్యాకప్ చెయ్యడానికి ఒప్పుకోవాలి. ఏది ఎంచుకున్నా మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పదు. యూరప్ వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాయి, అక్కడివాళ్ళకి బ్యాకప్ షరతు లేకుండా ముఫ్త్‌గా ఇచ్చేశారు. మన తరఫున ఎవరూ అడగలేదు, మనకి షరతు అలాగే ఉంది. అడిగినవాడికి హక్, అడగనివాడికి రసీదు.

ఇంత చెప్పాక నా ఫైసలా ఏమిటని అడుగుతారు. ముందు దుకాణందారు మాట పక్కన పెట్టి మిషన్‌నే అడగండి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం ముఫ్త్‌గా దొరుకుతుంది, 11 ఎక్కుతుందో లేదో చెప్తుంది. అది "టీపీఎం లేదు" అన్నా వెంటనే నమ్మకండి. చాలా మిషన్లలో ఆ సౌకర్యం ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే చాలు. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాలు వెచ్చించకుండా కొత్త ల్యాప్‌టాప్ అంటగట్టే వ్యాపారిని నేను వ్యాపారి అనను. మిషన్ అర్హమైతే 11కి మారిపోండి, అందులో బహస్‌కి చోటే లేదు. టాస్క్‌బార్ మధ్యలోకి వచ్చిందన్న ఫిర్యాదు నాక్కూడా ఉంది, వారంలో అలవాటవుతుంది.

అర్హం కాని ఇంటి మిషన్‌ని ఆ ఏడాది పథకంలో చేర్పించండి. సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ఆ లింకు అక్కడే ఉంటుంది. ఖాతా ఇవ్వడం నాకూ ఇష్టం లేదు, కానీ నా అయిష్టం కోసం పక్కవాళ్ళ అమ్మాయి ఫొటోని బజార్న పెట్టలేను. ఆ ఏడాదిని మాత్రం నిద్రపోవడానికి వాడుకోకండి.

మూడో దారి ఒకటుంది, ఊళ్ళల్లో అదే ఎక్కువ నడుస్తోంది. పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని ఒక కుర్రాడొస్తాడు, షరతుల్ని దాటించి నఖ్లీ విండోస్ 11 ఎక్కించి కొద్ది రూపాయలు పుచ్చుకుని పోతాడు. కొత్త తలుపు పెట్టించి దాని తాళంచెవి దొంగతోనే చేయించుకోవడం ఇది. అర్హం కాని మిషన్‌కి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని కంపెనీయే చెప్తోంది. పైగా ఆ క్రాక్ ఫైల్లో ఏముందో ఆ కుర్రాడికి కూడా తెలీదు.

నాలుగో దారి లినక్స్. పేరు వినగానే మనవాళ్ళు మొహం చిట్లిస్తారు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి లక్షలాది పిల్లలు దాని మీదే చదువుకున్నారు, వాళ్ళేమీ ఆకాశం నుంచి దిగిన పిల్లలు కారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ దాన్ని తెలుగులోకి తేవడానికి చాలాకాలంగా మెహనత్ చేస్తోంది. బ్రౌజరు, ఉత్తరాలు, పిల్లల చదువు, వీడియో కాల్, ఇంతే మీ పని అయితే పాత ల్యాప్‌టాప్ మీద మింట్ గానీ ఉబుంటు గానీ హాయిగా నడుస్తుంది. పైసా ఖర్చు లేదు. ముందు పెన్ డ్రైవ్ మీంచే నడిపి చూడొచ్చు, నచ్చకపోతే పీకేస్తే మీ విండోస్ మీకుంటుంది. వేలిముద్ర మిషన్ పెట్టుకుని డబ్బులిచ్చే దుకాణాలకి మాత్రం తొందరపడమని చెప్పను. ఆ పరికరం డ్రైవరు లినక్స్‌లో దొరికితేనే మారాలి. లేకపోతే ఆ ఒక్క మిషన్‌కి 11 ఎక్కే డబ్బా కొనాల్సిందే, అది ఫజూల్ ఖర్చు కాదు, ధంధా ఖర్చు.

నాలాంటి రాతగాళ్ళ మజ్బూరీ వేరే ఉంది. ఉర్దూ ఇన్‌పేజ్‌లో, తెలుగు అను ఫాంట్లలో కొట్టుకుంటూ వచ్చాం. 1981లో నూరీ నస్తాలిఖ్ వచ్చాక కాతిబ్‌ల చేతి కలం మెల్లగా ఆగిపోయింది, పని సులువైంది. కానీ 1927లో చెన్నైలో మొదలైన ముసల్మాన్ అనే ఉర్దూ దినపత్రిక కంప్యూటర్ల కాలంలో కూడా చేతి రాతతోనే వచ్చేది. ఆ కాతిబ్ కలానికి ఫలానా తారీఖు నుంచి సపోర్టు లేదని ఎవరూ నోటీసు పంపలేరు. కలం అతనిది. మనం రాసుకున్నదేమో ఇంకొకరి సాఫ్ట్‌వేర్ దయ మీద ఉంది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలుని ఆ ఫాంట్లు లేని మిషన్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనపడతాయి. పాత ఇన్‌పేజ్ ఫైళ్ళదీ ఇంచుమించు అదే గతి. యూనికోడ్‌లోకి మార్చుకుంటే తెలుగు ఎక్కడైనా తెలుగే, నోటో నస్తాలిఖ్ లాంటి ముఫ్త్ ఫాంట్లతో ఉర్దూ ఎక్కడైనా ఉర్దూయే, విండోస్ అయినా లినక్స్ అయినా ఫోన్ అయినా.

ఆ మార్పిడి పాత మిషన్ బతికుండగానే చేసుకోవాలి. పెళ్ళి కార్డుల డిజైన్లు, జమాత్ లెక్కలు, నానా రాసిన గజళ్ళు, మదరసా సనదుల నమూనాలు, ఏవుంటే అవి తెరిచి, మార్చి, రెండు చోట్ల దాచండి. ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి వేరే ఇంట్లో. తిత్లీకి ఇంటి కప్పులు ఎగిరిపోవడం చూసినవాళ్ళకి రెండో ఇల్లు ఎందుకో చెప్పనవసరం లేదు. అదంతా అయ్యాక కూడా ఇన్‌పేజ్ కోసం పాత మిషన్ కావాలనిపిస్తే ఉంచుకోండి, నేనొద్దనను. నెట్ కేబుల్ పీకెయ్యండి, వైఫై ఆపెయ్యండి, ఆధార్‌లు, ఫొటోలు అందులోంచి తీసెయ్యండి. టైపు చేసిన ఫైలుని పెన్ డ్రైవ్‌లో కొత్త మిషన్‌కి తీసుకెళ్ళి అక్కణ్ణుంచే పంపండి, ఆ పెన్ డ్రైవ్‌ని మాత్రం ఊళ్ళో వాళ్ళ చేతికివ్వకండి.