‘తీవ్ర నష్టం’ అంటే ఎన్ని దినార్లు? బహ్రెయిన్ కార్మిక చట్టంలో సాగే మాటలు

మనామా: బహ్రెయిన్‌లో ప్రైవేటు ఉద్యోగుల హక్కులకు ఆధారం 2012 నాటి 36వ నంబరు కార్మిక చట్టం. నోటీసు, పరిహారం రెండూ లేకుండా ఉద్యోగిని ఏయే సందర్భాల్లో తొలగించవచ్చో అందులోని 107వ అధికరణ చెబుతుంది. ఉద్యోగి తప్పు వల్ల యజమానికి ‘తీవ్రమైన ఆర్థిక నష్టం’ కలగడం ఆ సందర్భాల్లో ఒకటి. తీవ్రమైన నష్టం అంటే ఎంత? వంద దినార్లా, పదివేలా? చట్టంలో అంకె లేదు. పొరపాటున డేటాబేస్ చెరిపేసిన ఇంజినీరుకైనా, గోదాములో సరుకు పడేసిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరుకైనా కొలత ఆ ఒక్క మాటే.

చట్టాల్లో ఇలాంటి మాటలు ఉండటం బహ్రెయిన్ ప్రత్యేకత కాదు. చైనా 1979 నాటి క్రిమినల్ చట్టంలో ‘పోకిరీతనం’ ఒక నేరం. దేన్నైనా అందులోకి లాగుతున్నారన్న విమర్శతో 1997లో దాన్ని తొలగించారు. కానీ ‘గొడవలకు దిగి అలజడి సృష్టించడం’ అనే నేరం 293వ అధికరణ కింద మిగిలింది. దాని హద్దు ఎక్కడన్నది అక్కడి న్యాయ నిపుణులు నేటికీ అడుగుతున్న ప్రశ్నే. మన దేశంలోనూ ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌లో ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి మాటలుండేవి. అవి మరీ అస్పష్టంగా ఉన్నాయంటూ సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

అలాగని సాగే మాట ప్రతిసారీ కుట్ర కాదు. వెయ్యి దినార్ల నష్టం బ్యాంకుకు లెక్కలోది కాదు, చిన్న కిరాణా కొట్టుకు మాత్రం అది పెద్ద దెబ్బ. ఒకే అంకె రాస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. అందుకే కొంత నిర్ణయాన్ని న్యాయమూర్తికి వదిలేస్తారు. అయితే కేసు కోర్టుదాకా వెళ్లేలోపు ఆ మాటకు మొదటి అర్థం చెప్పేది యజమానే. వీసా, వసతి రెండూ ఆయన చేతిలో ఉన్న మనిషికి ఆ మొదటి అర్థమే చివరిదయ్యే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదాన్ని తగ్గించేవి కూడా అదే చట్టంలో ఉన్నాయి. చాలాచోట్ల సాగే మాట పక్కనే ఒక గట్టి అంకె కనిపిస్తుంది. ‘తీవ్ర నష్టం’ జరిగిందనుకుంటే, ఆ విషయం తెలిసిన రెండు పనిదినాల్లోగా యజమాని సంబంధిత అధికారులకు తెలియజేయాలి. ‘సహేతుక కారణం’ లేని గైర్హాజరుకు ఏడాదిలో వరుసగా 10 రోజులు దాటాలి, లేదా విడివిడిగా 20 రోజులు దాటాలి. దానికి ముందు వరుస గైర్హాజరైతే 5 రోజులకు, విడివిడిదైతే 10 రోజులకు రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి ఉండాలి. పనిలో సామర్థ్యం లేదని తొలగించాలంటే లోపాలేమిటో చెప్పి, సరిదిద్దుకోవడానికి కనీసం 60 రోజులు ఇవ్వాలి. నష్టం తీవ్రమా కాదా అని ఎంతసేపైనా వాదించవచ్చు. రెండు రోజుల్లో ఫిర్యాదు వెళ్లిందా లేదా అన్నదానికి మాత్రం తేదీయే సాక్ష్యం.

అసలు చిక్కు అంకె లేని చోట వస్తుంది. ‘ఒప్పందం ప్రకారం ముఖ్యమైన విధులు నిర్వర్తించకపోవడం’ కూడా తొలగింపునకు కారణమే. ఏవి ముఖ్యమైనవో కాంట్రాక్టులో రాసి లేకపోతే ఆ లోటును యజమాని మాటే పూరిస్తుంది. ఇంతకన్నా పెద్ద ఖాళీ ఇళ్లలో పనిచేసేవారిది. కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఎందరో మహిళలు ఈ పనిలోనే ఉన్నారు. జీతం, వార్షిక సెలవు, గ్రాట్యుటీ వంటి కొన్ని అంశాల్లోనే ఈ చట్టం వారికి వర్తిస్తుంది. మిగతా ఉద్యోగులకున్న వారానికి 48 గంటల పరిమితి వారికి లేదు. అందుకే వారి విషయంలో పని గంటలు, వారపు సెలవు ఒప్పందంలోనే రాయించుకోవడం అత్యవసరం.

ఇక రెండర్థాల సమస్య. సాగే మాటకు హద్దు తెలియదు. రెండర్థాల మాటకు హద్దులున్నా ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. మన ‘జీతం’ అలాంటిదే. ఊళ్లో ఏజెంటు జీతం ఇంత అన్నప్పుడు మనవాళ్లు చేతికొచ్చే మొత్తాన్ని ఊహించుకుంటారు. చట్టంలోని అరబిక్‌లో అలవెన్సులతో కలిపిన వేతనం వేరు, మూల వేతనం వేరు. గ్రాట్యుటీ లెక్కకు ఆధారం మూల వేతనం. మొదటి మూడేళ్లకు ఏడాదికి అర నెల చొప్పున, ఆ తర్వాత ఏడాదికి నెల చొప్పున ఇస్తారు. 2024 మార్చి నుంచి విదేశీ ఉద్యోగుల కోసం యజమానులు ఈ సొమ్మును నెలనెలా సామాజిక బీమా సంస్థకు కడుతున్నారు. కాంట్రాక్టులో మూల వేతనం తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా రాసి ఉంటే ఏళ్ల తరబడి చేసిన కష్టానికి వచ్చేది చాలా తగ్గిపోతుంది.

బహ్రెయిన్ అధికార భాష అరబిక్. ఒప్పందం ఇంగ్లిషులో ఉన్నా అరబిక్ ప్రతి జత చేయాలని చట్టమే చెబుతోంది. అంటే మనం చదివి సంతకం పెట్టిన కాగితం ఒకటి, కోర్టు చదివే కాగితం మరొకటి కావచ్చు. సంతకానికి ముందే అరబిక్ ప్రతిని తెలిసినవారితో చదివించుకోవాలి. మూల వేతనం, పని వివరం, పని గంటలు అనే మూడింటినీ రెండు ప్రతుల్లోనూ సరిచూడాలి.

చట్టానికి విరుద్ధమైన షరతు ఉద్యోగికి ఎక్కువ మేలు చేసేదైతే తప్ప చెల్లదని 4వ అధికరణ చెబుతోంది. కార్మికులు వేసే కేసులకు కోర్టు ఫీజు లేదు, ఇంటి పనివారికీ ఈ మినహాయింపు ఉంది. కాబట్టి ‘సంతకం పెట్టేశాం కదా’ అని నిరాశపడక్కర్లేదు. అలాగని భయంతో పని వదిలి వెళ్లిపోయి ఖల్లివల్లి అయితే చేతిలో ఉన్న హక్కు కూడా బలహీనపడుతుంది.

మనలో ఆఫీసు ఉద్యోగాలు చేసేవారికి ఒక విన్నపం. శుక్రవారం సెలవున ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తే ‘మంచి కంపెనీయే, ఏం కాదులే’ అని పంపేయకండి. సాగే మాటల పక్కన అంకెలు ఉన్నాయో లేదో చూడండి. హెచ్చరిక లేఖలు, జీతం జమైన వివరాలు, వాట్సాప్ సందేశాలు తేదీలతో సహా దాచుకోమని చెప్పండి. రేపు ‘తీవ్రం’ అన్న మాటకు అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడు వారి తరఫున మాట్లాడేవి ఆ తేదీలే.